హద్దు ఎక్కడ గీయాలి? బిల్లింగ్ కౌంటర్ల నిఘా రిపోర్టుల వెనుక లెక్క

సూపర్ మార్కెట్ల బిల్లింగ్ మీద నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టిన వెంటనే చాలాచోట్ల రాసే మొదటి నియమం ఇలా ఉంటుంది: "ఒక క్యాషియర్ ఒక రోజులో ఐదుసార్ల కంటే ఎక్కువగా బిల్లులోంచి సరుకు తీసేస్తే తెలియజేయాలి." వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ ఐదు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం జవాబు దొరకదు. ఏదో సమావేశంలో ఎవరో అన్నారు, అదే నిలిచిపోయింది.

ఆ అంకె ఏం చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. ఒక సంస్థకు 40 దుకాణాలు, ఒక్కో దుకాణంలో పదిమంది క్యాషియర్లు, మొత్తం 400 మంది అనుకుందాం. మామూలు రోజున ఒక్కొక్కరు 120 బిల్లులు కొడతారు. నూటికి రెండు బిల్లుల్లో ఏదో ఒక సరుకు రద్దవుతుంది. కొనేవారు చివరి నిమిషంలో వద్దంటారు, బార్‌కోడ్ రెండుసార్లు పడుతుంది, ధర చూసి మనసు మారుతుంది. ఈ 400 మందీ నిక్కమైన నిజాయతీపరులే అనుకుందాం. సగటున ఒక్కొక్కరికి రోజుకు 2.4 రద్దులు వస్తాయి. అయినా కేవలం కాకతాళీయంగానే ఒకరి లెక్క ఆరుకు గానీ, ఆ పైకి గానీ చేరే అవకాశం సుమారు మూడున్నర శాతం. అంటే ఏ తప్పూ జరగని రోజున కూడా రిపోర్టులో 14 పేర్లు కనిపిస్తాయి. ఆదివారం రద్దీలో ఒక్కొక్కరు 250 బిల్లులు కొడితే సగటే ఐదుకు చేరుతుంది. అప్పుడు హద్దు దాటేవారు 38 శాతం. ఆ ఒక్క రోజు రిపోర్టులో 150కి పైగా పేర్లు ఉంటాయి.

ఇదే నియమం మరోవైపు గుడ్డిది కూడా. జనం పెద్దగా రాని కౌంటర్‌లో రోజుకు 40 బిల్లులు కొట్టే క్యాషియర్, మామూలు రద్దులతో కలిపి రోజుకు నాలుగే అయ్యేలా చూసుకుంటూ, కొనేవారు వెళ్లిపోయాక బిల్లుల్లోంచి సరుకు తీసేసి ఆ నగదు జేబులో వేసుకున్నా, ఐదు దాటడు కాబట్టి ఏడాది పొడవునా ఎవరికీ కనిపించడు. ఆరు రోజుల వారానికి 240 బిల్లులు, అందులో 24 రద్దులు. మామూలుగా రావలసినవి ఐదు, అటూ ఇటూ ఊగిసలాట రెండు. ఆ 24 ఎంత వింతైన అంకో వారం లెక్క చూస్తే చిన్న పిల్లలకైనా తెలుస్తుంది. రోజు లెక్కలో, అదీ బిల్లుల సంఖ్యతో పోల్చకుండా చూసే నియమానికి తెలియదు.

కాబట్టి ఉత్త సంఖ్య మీద గీసిన హద్దు పనిచేయదు, శాతం కావాలి. దాదాపు ప్రతి సంస్థా రెండో మెట్టుగా ఇక్కడికే వస్తుంది, వచ్చి మరో గోతిలో పడుతుంది. టీ విరామంలో ఉన్నవారి బదులు కాసేపు కూర్చుని ఐదు బిల్లులు కొట్టి, ఒకదానిలో సరుకు తీసేసిన వ్యక్తి 20 శాతంతో జాబితా పైన నిలుస్తాడు. శాతానికి తోడుగా కనీస బిల్లుల సంఖ్య, కనీస రద్దుల సంఖ్య, వీలైతే కనీస రూపాయల మొత్తం కూడా ఒకే నియమంలో ఉండాలి. ఇవన్నీ కలిస్తేనే పేరు బయటకు రావాలి.

శాతం అన్నాక దేనిలో శాతం అన్నది అసలు ప్రశ్న. మన దేశంలో ఈ భాగహారం గత పదేళ్లలో నిశ్శబ్దంగా మారిపోయింది. 2016లో యూపీఐ మొదలైనప్పటి నుంచి కౌంటర్‌లో నగదు వాటా తగ్గుతూ వచ్చింది. ఫోనుతో చెల్లించిన డబ్బు నేరుగా సంస్థ ఖాతాలోకి పోతుంది. ఆ బిల్లును ఆ తర్వాత రద్దు చేసినా గల్లాపెట్టెలో తీసుకోవడానికి ఏమీ మిగలదు. చేతివాటానికి తావున్నది నగదు బిల్లుల్లోనే. అందువల్ల 'మొత్తం బిల్లుల్లో రద్దుల శాతం' అని లెక్కించే పాత నియమం ఏటేటా మొద్దుబారుతుంది. రోజుకు 120 బిల్లుల్లో నగదువి 30 మాత్రమే అయితే, ఆ 30లో మూడు రద్దు కావడం పది శాతం. మొత్తంతో భాగిస్తే రెండున్నర శాతంగా కనిపించి సగటు పక్కన ఒదిగిపోతుంది. నగదు రద్దులను నగదు బిల్లులతోనే భాగించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక వడపోత మాత్రమే, అయిదు నిమిషాల పని. చాలాచోట్ల అది జరగకపోవడానికి కారణం సాంకేతికత కాదు. నియమం రాసినవారు మారిపోయారు, అది అలాగే నడుస్తోంది.

హద్దును చేత్తో గీయడం ఎందుకు, గణాంక శాస్త్రానికే అప్పగిస్తే సరి అని సాఫ్ట్‌వేర్ అమ్మేవారు చెబుతుంటారు. దుకాణంలో అందరి సగటు తీసి, దానికి ప్రామాణిక విచలనానికి (అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే కొలతకు) మూడు రెట్లు కలిపి, ఆ పైన ఉన్నవారిని చూపించడం వారి పద్ధతి. ఇందులో ఒక విచిత్రమైన చిక్కుంది. తొమ్మిదిమంది క్యాషియర్లు నెలకు 500 రూపాయల చొప్పున వాపసులు ఇచ్చారు, పదోవారు 9,500 ఇచ్చారు. సగటు 1,400. ప్రామాణిక విచలనం 2,700. పదోవారు సగటుకు ఎంత దూరంలో ఉన్నారు? 8,100, అంటే సరిగ్గా మూడు రెట్లు. 'మూడు రెట్లకు మించితే' అన్న నియమం మోగదు. పదోవారు 9,500 బదులు 95,000 ఇచ్చినా, తొమ్మిది లక్షలు ఇచ్చినా మోగదు. ఎందుకంటే ఆ ఒక్క అంకె సగటునే కాదు, విచలనాన్ని కూడా తనతోపాటు పైకి లాగుతుంది. పదిమంది ఉన్న గుంపులో ఎవరూ సగటుకు మూడు విచలనాలకు మించిన దూరంలో ఉండలేరన్నది బీజగణితం. స్ప్రెడ్‌షీట్లలో మామూలుగా వాడే సూత్రంలో, అంటే పదికి బదులు తొమ్మిదితో భాగించే పద్ధతిలో, ఆ గరిష్ఠం 2.85 దగ్గరే ఆగిపోతుంది. పదిమంది క్యాషియర్లున్న దుకాణంలో ఈ నియమం పెట్టడమూ, ఏ నియమమూ పెట్టకపోవడమూ ఒకటే. తేడా ఏమిటంటే, పెట్టినవారు కాపలా ఉందనుకుని నిద్రపోతారు.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ఎవరిని పరీక్షిస్తున్నామో వారిని పక్కన పెట్టి, మిగిలినవారి సగటుతో పోల్చవచ్చు. లేదా సగటు బదులు మధ్యగతం, అంటే అంకెలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేది, తీసుకోవచ్చు. ఒక్కరి అంకె ఎంత పెరిగినా మధ్యగతం కదలదు. ఇంకా మంచిది, ఒకే తరహా దుకాణాలను కలిపి ఒక గుంపు చేయడం. బస్టాండు పక్కనున్న చిన్న దుకాణాన్ని నాలుగంతస్తుల మాల్‌లోని దుకాణంతో పోల్చరాదు. బట్టల విభాగంలో వాపసులు సహజం, పాలు పెరుగుల దగ్గర అరుదు. ఎవరిని ఎవరితో పోల్చాలన్నది తేల్చడానికి పట్టే సమయం సూత్రం రాయడానికి పట్టే సమయం కంటే ఎక్కువ. అలా పట్టడమే న్యాయం కూడా.

ఆ 'మూడు రెట్లు' అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. 1924లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ అనే భౌతికశాస్త్రవేత్త, ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువుల నాణ్యతను గమనించడానికి నియంత్రణ పటాన్ని రూపొందించాడు. మధ్యలో సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు. ఆ హద్దులు మూడు విచలనాల దూరంలో ఉండాలని ఆయన నిర్ణయించడానికి ప్రధాన కారణం సంభావ్యతా సిద్ధాంతం కాదు, ఖర్చు. లేని లోపం కోసం యంత్రాన్ని ఆపి వెతకడం ఒక నష్టం, ఉన్న లోపాన్ని వదిలేయడం ఇంకో నష్టం. ఈ రెండూ కలిపి అన్నిటికంటే తక్కువయ్యే చోటు అనుభవం మీద మూడు దగ్గర తేలింది. ఫ్యాక్టరీకి తగిన ఆ మూడు దుకాణానికి కూడా తగి తీరాలన్న నియమం లేదు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం దుకాణానికీ అక్షరాలా వర్తిస్తుంది. అనవసరంగా వెతకడానికి ఎంత ఖర్చవుతుంది?

నిజానికి హద్దును నిర్ణయించేది ఈ ప్రశ్నే. ఎంత చేస్తే తప్పు అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు వాదనల్లో కూరుకుపోతారు. రోజుకు ఎన్ని కేసులు సరిగ్గా చూడగలం అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారికి అంకె దానంతటదే దొరుకుతుంది. ఒక కేసు చూడటమంటే బిల్లు తెరవడం, ఆ సమయపు కెమెరా దృశ్యం వెతికి చూడటం, అవసరమైతే దుకాణానికి ఫోను చేయడం, తేలినది రాసిపెట్టడం. దీనికి అరగంట పడుతుందనుకుంటే, వేరే పనులు కూడా ఉన్న ఇద్దరు ఆడిటర్లు రోజుకు ఎనిమిదికి మించి చూడలేరు. అలాంటప్పుడు రోజుకు 14 పేర్లిచ్చే నియమం మొదటి రోజే బాకీ పడుతుంది. నెల తిరిగేసరికి ఆ ఈమెయిల్ ఎవరూ తెరవరు. గత రెండు మూడు నెలల బిల్లుల మీద నియమాన్ని గుట్టుగా నడిపించి, ఎన్ని పేర్లు వస్తున్నాయో చూసి, ఆ సంఖ్య ఎనిమిది చుట్టూ వచ్చేవరకు హద్దును జరపాలి. ఈ ముందస్తు పరీక్ష లేకుండా నియమాన్ని నేరుగా అమల్లో పెట్టడం మొత్తం వ్యవహారంలో అత్యంత ఖరీదైన తొందరపాటు.

అలాగైతే హద్దు ఎందుకు, పై ఎనిమిది పేర్లు రోజూ తీసుకుంటే పోదా అనిపించవచ్చు. పోదు. అందరూ సక్రమంగా ఉన్న రోజున కూడా ఎవరో ఒకరు మొదటి స్థానంలో ఉంటారు. రోజూ ఎనిమిదిమందిని ప్రశ్నించడం అలవాటైన చోట, ప్రశ్నకు విలువ పోతుంది. కనీస హద్దు ఒకటి ఉండి, దాన్ని దాటినవారిలో తీవ్రతను బట్టి వరుస పెట్టడం మేలు. కొన్ని రోజులు జాబితా ఖాళీగా వస్తే రానివ్వాలి. పై అధికారులకు ఖాళీ రిపోర్టు నచ్చదు, సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదేమో అంటారు. ఆ ఒత్తిడికి లొంగి హద్దు తగ్గించిన సంస్థలు తక్కువేమీ కాదు.

అన్ని అంకెలకూ ఇంత తర్జనభర్జన అక్కర్లేదన్నది కూడా చెప్పాలి. కొన్ని తమ హద్దును వాటంతట అవే చూపిస్తాయి. మొబైల్ నంబరు మీద పాయింట్లు జమయ్యే పథకం ఉదాహరణ. ఒక కుటుంబం రోజుకు ఒకటి, మహా అయితే రెండు మూడు బిల్లులు చేయిస్తుంది. కొనేవారు నంబరు చెప్పనప్పుడు తన నంబరో, బావమరిది నంబరో కొట్టేసే క్యాషియర్ దగ్గర ఒకే నంబరు మీద రోజుకు పదిహేను బిల్లులు పడతాయి. మూడుకూ పదిహేనుకూ మధ్య అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఎక్కడ గీసినా గీత సరైనదే. ఇంకొన్నిటికి గణాంకాలే అవసరం లేదు. దుకాణం తెరవకముందు గల్లా తెరుచుకోవడం, అసలు బిల్లు నంబరు లేకుండా వాపసు ఇవ్వడం, వచ్చిన సరుకు కంటే అమ్మిన సరుకు ఎక్కువగా ఉండటం అలాంటివి. అరటిపండ్లకు చాలా దేశాల్లో వాడే కోడ్ 4011. కొనేవారే బిల్లు చేసుకునే యంత్రాలున్న విదేశీ దుకాణాల్లో ఖరీదైన పండ్లను త్రాసు మీద పెట్టి ఈ కోడ్ కొట్టడం పాత ఎత్తుగడ. ఇక్కడ తూకం వేసి చీటీ అంటించే చోట అదే జరిగితే, బిల్లింగ్ కౌంటర్ రికార్డుల్లో ఏ రద్దూ ఏ మార్పూ కనిపించదు. కానీ గోదాము నుంచి 300 కిలోల అరటిపండ్లు వచ్చిన దుకాణం 340 కిలోలు అమ్మినట్టు చూపిస్తే, దానికి ఏ హద్దూ గీయనక్కర్లేదు.

హద్దుకు కింది వైపు కూడా ఒక చూపు ఉండాలి. తెలిసినవారు వచ్చినప్పుడు నాలుగు వస్తువుల్లో రెండింటినే స్కాన్ చేసి సంచిలో వేసే క్యాషియర్ ఏ రద్దూ చేయడు, ఏ వాపసూ ఇవ్వడు. రికార్డుల్లో అతడు అందరికంటే శుభ్రంగా ఉంటాడు. పట్టిచ్చేది బిల్లుకు సగటు వస్తువుల సంఖ్య, అదీ పక్క కౌంటర్ల కంటే తక్కువగా ఉండటం. అలాగే నెలలో 3,000 బిల్లులు కొట్టి ఒక్క రద్దు కూడా లేని వ్యక్తి అభినందనకు పాత్రుడేమీ కాదు. 60 రావలసిన చోట సున్నా వచ్చిందంటే, ఆ రద్దులు వేరెవరి లాగిన్‌లోనో పడుతున్నాయి.

హద్దు ఎంతో అందరికీ తెలిసిపోయాక జరిగేది మరో కథ. 500 రూపాయల లోపు వాపసుకు మేనేజర్ అనుమతి అక్కర్లేదంటే, 480 నుంచి 499 మధ్య వాపసులు గుంపుగా పుట్టుకొస్తాయి. ఇది దుకాణాలకే పరిమితమైన గుణం కాదు. ఒకే వ్యవహారంలో రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోరాదని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి నిషేధించినప్పుడు, ఒకే కొనుగోలును ముక్కలు చేసి చూపే ఎత్తును చట్టం ముందే ఊహించింది. అందుకే ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో వచ్చిన మొత్తం అని విడిగా రాసింది. దుకాణం నియమాలకూ ఆ ముందుచూపు కావాలి. ఒక్కో వాపసు విలువతోపాటు ఒకరు వారంలో ఇచ్చిన మొత్తం వాపసులనూ చూడాలి. హద్దుకు సరిగ్గా కింద ఎన్ని లావాదేవీలు పోగుపడ్డాయో చెప్పే రిపోర్టు ఒకటి విడిగా ఉండాలి. హద్దు పైన దొరికేవారు చాలావరకు అజాగ్రత్తపరులు. కింద దొరికేవారికి మాత్రం హద్దు ఎక్కడుందో బాగా తెలుసు.

లెక్కలో అన్నిటికంటే తక్కువగా వాడేదీ, అన్నిటికంటే ఎక్కువ చెప్పేదీ సమయం. బిల్లు కొడుతుండగా సరుకు తీసేయడం ఒకటి, బిల్లు ముగిసి చెల్లింపు జరిగిన ఇరవై నిమిషాలకు తీసేయడం మరొకటి. మొదటిది కొనేవారు ఎదురుగా ఉండగా జరిగింది. రెండోదానికి సాక్షి లేడు. రెండింటినీ ఒకే పేరు కింద లెక్కించే రిపోర్టు ఆ తేడానే చెరిపేస్తుంది. చెల్లింపు తర్వాత జరిగిన నగదు రద్దులను మాత్రమే విడదీసి చూస్తే, సంఖ్య ఎంత చిన్నదైపోతుందంటే చాలాచోట్ల హద్దు గొడవే తగ్గిపోతుంది.

క్యాలెండర్ కూడా నియమాల్లో భాగమే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. అదే రోజు దసరా నవరాత్రులు మొదలయ్యాయి. పాత ఎమ్మార్పీ ముద్ర ఉన్న సరుకును తగ్గిన ధరకు అమ్మవలసి వచ్చింది. అలాంటి వారంలో ధర మార్పుల నియమం దుకాణంలో ఉన్న ప్రతి ఒక్కరినీ అనుమానిస్తుంది. విసిగిపోయి ఆ నియమాన్ని మొత్తంగా ఆపేస్తే, కావాలని ధర మార్చేవారికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. ఆపడం కంటే పోలిక మార్చడం సరైన పని. ఆ వారపు క్యాషియర్‌ను ఆ వారపు తోటి క్యాషియర్లతో పోల్చాలి, పోయిన నెలతో కాదు.

ఇక రిపోర్టులో పేరు రావడమంటే ఏమిటన్నది. ముందు చెప్పిన 400 మందిలో నలుగురు నిజంగా చేతివాటం చూపుతున్నారనీ, నియమం వారిలో ముగ్గురిని పట్టుకుంటుందనీ అనుకుందాం. మిగిలిన 396 మందిలో కాకతాళీయంగా 14 పేర్లు ఎలాగూ వస్తాయి. జాబితాలో 17 పేర్లు, అందులో తప్పు చేసినవారు ముగ్గురు. ఆ జాబితాను నేరస్థుల పట్టీగా చదివే మేనేజర్ ఆరింట ఐదుసార్లు అమాయకుణ్ణి అవమానిస్తాడు. పైగా మన దుకాణాల్లో లాగిన్ పంచుకోవడం సర్వసాధారణం. భోజనానికి వెళ్లినవారి కౌంటర్‌లో ఇంకొకరు కూర్చుంటారు, పాస్‌వర్డ్ కీబోర్డు కిందనే అంటించి ఉంటుంది. పేరు ఒకరిది, పని ఇంకొకరిది.

యంత్రం చూపిన తేడాను నేరంగా భావిస్తే ఎంత దూరం పోవచ్చో బ్రిటన్ పోస్టాఫీసు వ్యవహారం చూపించింది. ఫుజిత్సు సంస్థ అందించిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నగదు తక్కువ కనిపించినందుకు 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా ఉప తపాలా కార్యాలయాల నిర్వాహకులు దోషులుగా తేలారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు తేల్చింది. చివరికి 2024 మేలో పార్లమెంటు చట్టం చేసి వందలాది శిక్షలను ఒక్కసారిగా రద్దు చేయవలసి వచ్చింది. అక్కడ అసలు లోపం కోడ్‌లో ఎంత ఉందో, దాన్ని ప్రశ్నించకుండా నమ్మిన మనుషుల్లోనూ అంతే ఉంది. సూపర్ మార్కెట్ రిపోర్టు అంత దూరం పోకపోవచ్చు, కానీ పదిహేను వేల జీతం మీద బతికే క్యాషియర్‌కు ఉద్యోగం పోవడం చిన్న శిక్ష కాదు. అందుకే ప్రతి కేసుకూ తేలిన కారణాన్ని నాలుగు మాటల్లో నమోదు చేసే గడి రిపోర్టులోనే ఉండాలి. సకారణమా, శిక్షణ లోపమా, సాఫ్ట్‌వేర్ లోపమా, మోసమా అన్నది అందులో రాయాలి. మూడు నెలల తర్వాత ఒక నియమం కింద వచ్చిన కేసులన్నీ 'సకారణం' కిందనే పడ్డాయంటే, ఆ హద్దును జరపాలి లేదా ఆ నియమాన్ని తీసేయాలి. ఈ గడి నింపని సంస్థకు తన హద్దు సరైనదో కాదో తెలిసే మార్గమే లేదు.

ఆచరణలో ఇంకో రెండు విషయాలు తరచూ తప్పిపోతుంటాయి. కెమెరా దృశ్యాలు వాటిని దాచే యంత్రంలో (డీవీఆర్‌లో) పదిహేను రోజులే నిలిచే చోట నెలకోసారి వచ్చే రిపోర్టు పెట్టుకుంటే, సగం కేసులకు చూడటానికి దృశ్యమే మిగలదు. రిపోర్టు గడువు ఎప్పుడూ డీవీఆర్ గడువు కంటే తక్కువగా ఉండాలి. రెండోది, రిపోర్టు ఎవరికి చేరుతుందన్నది. చాలా సంస్థల్లో అది నేరుగా దుకాణం మేనేజర్‌కు పోతుంది. పెద్ద వాపసులన్నీ మేనేజర్ కార్డు గీకితేనే జరుగుతాయి కాబట్టి, అత్యధిక విలువగల రద్దులన్నీ ఆయన అనుమతితో జరిగినవే. ఆయన అనుమతులు ఉన్న కేసులు ఆయనకు కాకుండా ప్రాంతీయ ఆడిటర్‌కు వెళ్లేలా నియమాన్ని మొదటి రోజే విడదీయాలి. అది చేయకుండా మిగిలిన హద్దులన్నీ ఎంత జాగ్రత్తగా గీసినా, అవి కింది ఉద్యోగులకు మాత్రమే వర్తిస్తాయి.